పై వాల్వు, కింది వాల్వు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. మా ఆయనకు కోపం లేదు, ముక్కే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ ఆపరేటరు. కుళాయి నీళ్ళలో క్రిములు చావాలంటే అందులో క్లోరిన్ కలపాలి. ఎక్కువైతే నీళ్ళు నోట పెట్టుకోలేం, తక్కువైతే ఆస్పత్రి పాలవుతాం. ఆ ఎక్కువ తక్కువలు చూసేది మా ఆయన. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని ఆపి "నీళ్ళు బాగుంటున్నాయండీ" అని చెప్పిన పాపాన పోలేదు. ఒక్క పూట కాస్త వాసన వస్తే మాత్రం వీధి వీధంతా మా గుమ్మం ముందుంటుంది.

ప్లాంటులో అందరూ ఆయన్ని ముక్కుమేస్త్రి అనేవాళ్ళు. ఎక్కడైనా క్లోరిన్ లీకైతే గోడ మీద మీటరు మోగేలోపే ఆయన తల అటు తిరిగేది. ఆ తర్వాత కర్ర చివర అమ్మోనియాలో ముంచిన గుడ్డ కట్టి గొట్టాల వెంబడి తిప్పేవాళ్ళు. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. అది ఎప్పుడూ ఆయన వేలు చూపించిన చోటే లేచేది.

ఇంట్లో ఆ ముక్కుతో నా ప్రాణం విసిగిపోయేది. నేను బళ్ళో సైన్సు చెబుతాను. సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి పరీక్ష పేపర్లు ముందేసుకుంటే నాకు లోకం తెలియదు. ఆయన సైకిలు ఇంకా వీధి మలుపులో ఉండగానే, "టీచరమ్మా, అడుగంటింది!" అని కేక వినబడేది. ఊళ్ళో వాళ్ళందరికీ నా వంట సంగతి అలాగే తెలిసింది. ఒకసారి అలాగే అరుస్తూ వచ్చి, గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, "కాదులే, పక్కింటి వాళ్ళది" అని మెల్లగా అన్నాడు. పక్కింటావిడ వారం రోజులు మాతో మాట్లాడలేదు.

ఇక పటం సంగతి. మా బడి పిల్లలు ఏటా ప్లాంటు చూడడానికి వెళతారు. వాళ్ళ కోసం రెండేళ్ళ క్రితం పెద్ద అట్ట మీద నేనే ఒక పటం రాసి ప్లాంటుకిచ్చాను. పైన 'గది ఉష్ణోగ్రతలో మూలకాలు' అని శీర్షిక, కింద మూడు గళ్ళు. ఘనపదార్థాల గడిలో ఇనుము, రాగి, సీసం, గంధకం, ఇంకా బోలెడన్ని. ద్రవాల గడిలో ఇద్దరే ఇద్దరు, పాదరసం, బ్రోమిన్. వాయువుల గడిలో ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్, క్లోరిన్. రంగులు కూడా వేశాను. మా ఆయన దాన్ని గోడకు కొట్టి, మేకు ఇంకా నోట్లోనే పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"టీచరమ్మా, మా దాన్ని ఒక్క గడిలోనే కూర్చోబెట్టావు" అన్నాడు.

"ఉన్న గడిలోనే కూర్చోబెట్టాను. పుస్తకంలో అదే ఉంది."

"నా సిలిండర్లో ముప్పాతిక వంతు నీళ్ళలా తొణుకుతూ ఉంటుంది. నీ పుస్తకాన్ని ఒకసారి వచ్చి చూడమను."

"గది ఉష్ణోగ్రతలో అని అంత లావు అక్షరాలతో రాశాను. మీకు చదవడం రాదా?"

"గది ఆ గదే. ఇనుప గోడల మధ్య కుక్కి నొక్కిపెడితే గది మాత్రం ఏం చేస్తుంది?"

నేను నవ్వేశాను. పిల్లలకు ఒకేసారి అన్నీ చెబితే తికమకపడతారని అన్నాను. ఎంత వేడిమిలో అని రాసి, ఎంత ఒత్తిడిలో అన్నది రాయలేదు. ఆ ఒక్క మాట రాయడానికి అట్ట మీద చోటు కూడా ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పుడే ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి సిలిండరు చూపించాడు. మనిషంత పొడుగు పీపా, రోలర్ల మీద పడుకుని ఉంటుంది. దాని ముఖం మీద రెండు వాల్వులు. ఒకటి సరిగ్గా పైకీ, ఒకటి సరిగ్గా కిందికీ వచ్చేలా తిప్పి పెడతారు. పై వాల్వు తెరిస్తే వాయువు వస్తుంది, కింది వాల్వు తెరిస్తే ద్రవం వస్తుంది. "పై వాల్వు మనది, కింది వాల్వు యముడిది" అన్నాడు. ఒక చెంబు ద్రవం బయట పడితే నాలుగు వందల చెంబులకు పైగా విషవాయువు అవుతుందట. అందుకే సిలిండరుకు ఎక్కడ చిల్లి పడ్డా ముందు చేయాల్సింది ఒక్కటే. చిల్లి పైకి వచ్చేలా తిప్పెయ్యాలి. అప్పుడు ద్రవం లోపలే ఉండిపోతుంది. కొంచెం కొంచెంగా ఆవిరై వస్తుంది, వస్తూ వస్తూ సిలిండరును చల్లబరుస్తుంది, చల్లబడ్డ కొద్దీ లీకు తగ్గుతుంది. ఆయనకు ముందు పనిచేసిన ముసలి మేస్త్రి నేర్పిన పద్ధతి అది. సిలిండరు ముఖం మీద అటూ ఇటూ ఉన్న చిన్న బిరడాలు కూడా చూపించాడు. అవి సీసం కలిసిన లోహంతో చేసినవి. మామూలు వేడికి రాయిలా ఉంటాయి, డెబ్బై డిగ్రీలు దాటితే కరిగిపోతాయి. అగ్ని ప్రమాదం జరిగితే సిలిండరు పేలకుండా అలా పెడతారు.

నిరుడు కొత్త ఇంజనీరు వచ్చాడు. చొక్కా మీద మడత ఎప్పుడూ కత్తిలా నిలబడి ఉండేది కాబట్టి నేను ఆయనకు ఇస్త్రీబాబు అని పేరు పెట్టాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇస్త్రీబాబుకు చెప్పేవాడన్నా లోకువే, వినేవాడన్నా లోకువే. వచ్చిన మొదటి వారంలోనే క్లోరిన్ గదిలో వేలాడే ముఖం మాస్కులు రెండూ తీయించి, పోతాయేమోనని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి తన జేబులో.

చలికాలం వచ్చింది. చలికి లోపల ద్రవం నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి క్లోరిన్ తక్కువగా వస్తుంది, సిలిండరు అడుగున తెల్లగా మంచు కడుతుంది. ఏటా ఉండేదే. మా ఆయన రెండో సిలిండరు జత కలపమన్నాడు. ఇస్త్రీబాబు వినలేదు.

"రెండెందుకు? దాన్నే వేడి చెయ్యి. నీళ్ళు కాచి పొయ్యండి."

"వద్దు సార్. వేడి చేయకూడదు."

"నువ్వు నాకు చెప్పేవాడివా?"

మా ఆయన తల వంచుకుని వచ్చేశాడు. పని మాత్రం చేయలేదు. ఇంటికొచ్చి ఈ మాట చెబితే నేను ఎగిరిపడ్డాను. పెద్ద ఆఫీసుకు కాగితం పెట్టండి అన్నాను. చూద్దాంలే అన్నాడు. మా ఆయన 'చూద్దాంలే'లు పోగేస్తే ఒక సిలిండరు నిండుతుంది.

మూడో రోజు తెల్లవారుజాము షిఫ్టు మా మరిదిది. అసలు మరిది కాదు. మా ఆయన దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్నాడు, ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. ఇస్త్రీబాబు అతని పక్కనే నిలబడి మరిగే నీళ్ళు పోయించాడు. మూడు బకెట్లు. మూడో బకెట్టు నీళ్ళు సిలిండరు ముఖం మీద పడి కిందికి జారేసరికి అడుగు వైపు బిరడా ఒకటి కరిగి ఊడింది. లోపలి ద్రవం నేల మీద పడి పడగానే పసుపుపచ్చ పొగై లేచింది.

మా ఆయన డ్యూటీకి వెళుతూ వీధి మలుపులోనే పసిగట్టాడు. సైకిలు అక్కడే పడేశాడు. "పల్లానికి పోకండి! గట్టు ఎక్కండి, ట్యాంకు వైపు ఎక్కండి!" అని ఇల్లిల్లూ తలుపు కొట్టాడు. క్లోరిన్ గాలి కంటే బరువు, పల్లంలోకి పాకుతుంది. తలుపులేసుకుని కింద కూర్చున్నవాడే ముందు పోతాడు. నేను కూడా చేతిలో పేపర్లతోనే గట్టెక్కాను. పైనుంచి చూస్తే క్లోరిన్ గది బయట నిలబడి ఎవరో గొట్టంతో సిలిండరు మీద నీళ్ళు కొడుతున్నారు. ఇస్త్రీబాబు గేటు బయట నిలబడి, ఇంకా కొట్టండి, ఇంకా కొట్టండి అని చేతులూపుతున్నాడు. చిల్లి మీద నీళ్ళు పడితే ఆమ్లం తయారై ఇనుమును తింటుంది, చిల్లి పెద్దదవుతుంది. ఇది నేను బళ్ళో చెప్పే పాఠమే.

మా ఆయన వెళ్ళి ఆ గొట్టం లాగి పారేశాడు. మాస్కు కావాలన్నాడు. తాళంచెవి జేబులో ఉంది, జేబు ఇంకో కోటుకు ఉంది, కోటు బంగళాలో ఉంది. ఇదీ ఆ మహానుభావుడి జవాబు. మా ఆయన తడి తువ్వాలు ముక్కూ నోరూ కలిపి కట్టుకుని, గాలి వచ్చే వైపు నుంచి లోపలికి వెళ్ళాడు. వెనకే మా మరిది. ముందు వాల్వు మూసి సిలిండరుకు తగిలించిన గొట్టం విప్పారు. బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెళ్ళారు. గడ్డపార పెట్టి రోలర్ల మీద సిలిండరును తిప్పారు. సగం తిరిగేసరికి ఊపిరాడలేదు, బయటికొచ్చారు. మూడోసారి మా ఆయన ఒక్కడే వెళ్ళాడు. చిల్లి పైకొచ్చింది. నేల మీద ద్రవం ఆగింది. పొగ పలచబడింది. నాలుగోసారి వెళ్ళి చిల్లిలో చెక్క మేకు దిగ్గొట్టి వచ్చి, గేటు దగ్గర చతికిలబడి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు నాలుగు రోజులు తగ్గలేదు. ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అంతా అయిపోయాక మాస్కులు వచ్చాయి.

వారం తిరక్కుండానే ఆయన్ని సస్పెండ్ చేశారు.

ఇస్త్రీబాబు రాసిన రిపోర్టు నేను చదివాను. బిరడా పాతబడి దానంతట అదే ఊడిందట. వేడినీళ్ళ ఊసే లేదు. నీళ్ళు చల్లుతున్నవాళ్ళను ఆపరేటరు అడ్డుకున్నాడట. క్లోరిన్ వాయువు, వాయువుకు పైనా కిందా ఉండవు, కాబట్టి సిలిండరు తిప్పడం అర్థంలేని పని, దానివల్ల పావుగంట వృథా అయిందట. దాంతోపాటు ఇంకో కాగితం. అందులో కొత్త నియమాలు రెండు. లీకైతే సిలిండరును కదపరాదు. లీకు మీద ధారాళంగా నీళ్ళు కొట్టాలి. తప్పు ఒప్పుకుని దాని కింద సంతకం పెడితే ఉద్యోగంలోకి తీసుకుంటారట.

"పెడతారా?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

మా ఆయన కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. పడతాను. కానీ ఇది గోడకెక్కుతుంది. రేపు మళ్ళీ లీకైతే తమ్ముడు దీన్ని చూసి నీళ్ళు కొడతాడు. తిప్పడు. చచ్చిపోతాడు. పల్లంలో ఉన్నవాళ్ళూ పోతారు. నేను పెట్టను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట 'చూద్దాంలే' రాని సందర్భం అదొక్కటే.

విచారణకు ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు అధ్యక్షురాలు. నాకూ కబురొచ్చింది. ఎందుకా అనుకుంటూ వెళ్ళాను. గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. బల్ల మీద నా పటం ఉంది. గోడ నుంచి పీకి తెచ్చారు. ఇస్త్రీబాబు దాని మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"చూడండి మేడమ్, క్లోరిన్, వాయువు. ఇది రాసింది ఎవరో కాదు, ఆపరేటరు భార్యే. సైన్సు టీచరు. ఏమ్మా, ఇది మీరు రాసిందేనా?"

నా వేలితో నా కన్నే పొడిచారు. మా ఆయన మూల కుర్చీలో నేల చూపులు చూస్తున్నాడు. మరిది గుమ్మం దగ్గర గోడకు అతుక్కుపోయి ఉన్నాడు.

"నేనే రాశాను" అన్నాను. "సగం రాశాను. సగం రాసిన పాఠం తప్పుడు పాఠమే. నా తప్పుకు నన్ను అడగండి, ఆయన్ని కాదు. ఆ నీళ్ళ సీసా ఇలా ఇవ్వండి."

ఇస్త్రీబాబు ముందు సగం తాగిన ప్లాస్టిక్ సీసా ఉంది. ఆయన ఇచ్చేదాకా ఆగలేదు, తీసేసుకున్నాను. నా సంచీ పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ పిన్నీసు పీకి సీసా పక్కభాగంలో ఒక పోటు పొడిచాను. మూత గట్టిగా బిగించి, సీసాను బల్ల మీద అడ్డంగా పట్టుకుని, చిల్లి కిందికి పెట్టి రెండు చేతులా నొక్కాను. నీళ్ళు జువ్వున కొట్టాయి. రిపోర్టు తడిసింది. ఇస్త్రీ చొక్కా కూడా తడిసింది. దానికి నేను చింతించడం లేదు.

"ఏమిటమ్మా ఇది!" అని ఇస్త్రీబాబు లేచాడు.

"ఇదీ మీ పద్ధతి. కదపరాదు కదా, ఇలాగే ఉంచుదాం." ఇంకా నొక్కాను. తర్వాత చిల్లి పైకి వచ్చేలా సీసాను తిప్పి, అంతే బలంగా నొక్కాను. ఒక్క చుక్క రాలేదు. బుస్సుమని గాలి వచ్చింది. "ఇదీ ఆయన పద్ధతి. అదే సీసా, అదే చిల్లి, అవే చేతులు. ఒత్తిడిలో పెట్టిన క్లోరిన్ ద్రవం. అందులో చిల్లి పడితే పైనా కిందా ఉన్నాయి. ఈ తేడా తెలియనివాడు గేటు బయట ఉన్నాడు, తెలిసినవాడు లోపలికి వెళ్ళాడు. ఎవర్ని సస్పెండ్ చేస్తారో చేసుకోండి."

పెద్దావిడ సీసా తన చేతిలోకి తీసుకుని, తనూ ఒకసారి అటూ ఇటూ తిప్పి నొక్కి చూశారు. అప్పుడు గోడ దగ్గర నుంచి మరిది గొంతు వినబడింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు.

"గట్టిగా చెప్పు బాబూ" అన్నారు పెద్దావిడ.

"బిరడా ఊరికే ఊడలేదండీ. మరిగే నీళ్ళు పోశాను. మూడు బకెట్లు. సార్ పొయ్యమన్నారు. అన్న వద్దన్నాడని చెప్పాను, అయినా పొయ్యమన్నారు. ఇన్నాళ్ళూ భయపడి చెప్పలేదండీ." అంటూ ఏడ్చేశాడు.

ఇంకో మూడు వారాలకు తుది రిపోర్టు వచ్చింది. సిలిండరును తిప్పడమే సరైన పద్ధతి అని రాశారు. లీకు మీద నీళ్ళు కొట్టరాదని, సిలిండరును వేడి చేయరాదని, మాస్కులు తాళం లేకుండా క్లోరిన్ గది బయటే వేలాడాలని రాశారు. మా ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇస్త్రీబాబును ఇంకో ప్లాంటుకు బదిలీ చేశారు, మడత నలగకుండా. అక్కడ కూడా చలికాలం వస్తుందని ఎవరికీ తోచలేదు కాబోలు.

నేను పటం వెనక్కి తెచ్చుకుని శీర్షిక కింద 'మామూలు వాతావరణ ఒత్తిడిలో' అని చేర్చాను. ద్రవాల గడి అంచున ఇంకో వరుస రాశాను: 'సిలిండర్లో నొక్కిపెట్టిన క్లోరిన్'. మళ్ళీ గోడకు కొట్టింది మరిది. ఆ సాయంత్రం మా ఆయన రిపోర్టు నకలు ఇంటికి తెచ్చాడు. చదివి ఒప్పుకున్నట్టు అన్ని పేజీల కిందా ఆయన సంతకం ఉంది. నేను పొయ్యి మీద పాలు పెట్టి, ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టి, ముందు గదిలో వెలుతురు ఉంటే అక్కడ చదవడానికి కూర్చున్నాను. చివరి పేజీలో చివరి వరుస ఇలా ఉంది: 'నష్టం: బిరడా ఒకటి, కొంత క్లోరిన్. ఎవరికీ ఎలాంటి హాని జరగలేదు.'

సరే, పోనీ అనుకున్నాను. అంతలో మాడు వాసన ముందు గదిలోకి కొట్టింది.

పరిగెత్తాను. గిన్నె అడుగు నల్లగా బొగ్గయింది. పొయ్యి మీంచి పొగ పైకప్పుకు లేస్తోంది. మా ఆయన పొయ్యికి రెండడుగుల దూరంలో, పొయ్యికి వీపు పెట్టి, సైకిలు దీపం విప్పి తుడుచుకుంటున్నాడు. నా అడుగుల చప్పుడుకు తలెత్తి, "ఏమైంది?" అన్నాడు.

పొయ్యి ఆర్పి ఆయన వైపు చూశాను. వెనక్కి తిరిగి పొగ చూశాక ఆయన ముఖం పాలిపోయింది. ఇన్ని వారాలుగా వీధి మలుపు నుంచి ఒక్క కేక రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఊరందరి మీదా కోపంతో ఊగిపోతూ ఇంట్లో మనిషిని చూసుకోలేదు.

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే" అన్నాడు.

"కమిటీకి చెప్పలేదా?"

"వాళ్ళు అడగలేదు."

"మరి ఈ అబద్ధం కింద సంతకం ఎందుకు పెట్టారు?" నా అరుపు పక్కింటికి వినబడే ఉంటుంది. "హాని జరగలేదని రాస్తే ఎలా ఊరుకున్నారు?"

"తిప్పమని రాశారుగా. నాకు కావలసింది అదే." దీపం బల్ల మీద పెట్టాడు. "పంపుల వైపు వేయమని అర్జీ పెట్టాను. వాసన తెలియనివాణ్ణి ఆ గదిలో ఉంచకూడదు. తమ్ముడు చూసుకుంటాడు."

రిపోర్టును గోడకేసి కొట్టాను. కాగితాలు నాలుగు వైపులా పడ్డాయి. రేపే పెద్దావిడకు ఉత్తరం రాస్తానన్నాను, ఆ వరుస కొట్టేయించేదాకా వదలనన్నాను. రాస్తాను కూడా. పొగకు కళ్ళు మండుతుంటే వెళ్ళి కిటికీ తలుపులు తెరిచాను. వెనక నుంచి ఆయన అడిగాడు:

"బాగా మాడిందా, టీచరమ్మా?"